వేళ్ళకు పట్టిన బూజు

కాలిపోయిన అడవిలో నాటడానికి పెంచిన మొక్కల వేళ్ళకు తెల్లటి బూజు కనిపించగానే అత్తగారు వాటిని బకెట్లో ముంచి కడగసాగింది. ఆ మంటలు ఆర్పబోయి కొడుకు చనిపోయాడు. మధ్యాహ్నం బస్సుకు కోడలూ పుట్టింటికి వెళ్ళిపోతోంది.

"అయ్యో అత్తయ్యా, కడగకండి! అది పుట్టగొడుగుల జాతి. వేళ్ళకి నీళ్ళు అందించేది అదే. కాలిన మట్టిలో మిగల్లేదు, మనమే మొక్కతో పంపాలి."

"గిన్నె మీద మరకుంటే నిద్రపట్టనిదాన్ని, నాకేం తెలుస్తుందే!"

కోడలు నవ్వి, కడిగిన వేళ్ళకు పచ్చని చెట్ల కింది బూజు మట్టి పట్టించింది.

"నువ్వెళ్ళాక ఎవరినడగను?"

"ఫోన్ చెయ్యండి."

బస్సు వెళ్ళాక అత్తగారు ఒక్కతే కొండెక్కి మొదటి మొక్క నాటింది. వెంటనే ఫోన్ చేసి, తనకు బాగా తెలిసిన సంగతే అడిగింది.

"మట్టి గట్టిగా అదమాలంటావా?"