పీపా అడుగున మిగిలిన మాట

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఫౌస్తో, బల్ల మీంచి దిగి కింద కూర్చో. నిన్న సాయంత్రం ద్రాక్ష తొట్టి దగ్గర జుల్మీరా అవ్వ ఏదో అడిగితే మీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరని అడగను. కథ చెబుతాను, వినండి.

అప్పట్లో మన ఊళ్ళో 'చాలు' చెప్పే మనిషి బెల్మీరో, జుల్మీరా భర్త. కోతలయ్యాక ఇప్పటిలాగే అందరూ రాతి తొట్టిలోకి దిగి, భుజాల మీద చేతులేసుకుని, ఒకటీ రెండూ అంటూ రెండు గంటలు లెక్కగా తొక్కేవాళ్ళు. ఆ తర్వాత అకార్డియన్ మోగేది, ఇక ఎవరి చిందులు వాళ్ళవి. రసం పులిసి పొంగడం మొదలయ్యాక బెల్మీరో పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పొంగేకొద్దీ తీపి తరుగుతుంది. సగం తీపి ఉండగా ద్రాక్ష సారా పోస్తే పొంగు ఆగి, మిగిలిన తీపి నిలిచిపోతుంది. ఆ అదను బెల్మీరో నాలిక్కి తెలిసేది. వేలు ముంచి, చప్పరించి, "చాలు!" అని కేకేసేవాడు. సారా పోసేవాళ్ళు.

ఒక చలికాలం మెట్ల తోటలో గట్టు కూలి బెల్మీరో పోయాడు.

మరుసటి కోతలకి ఊరంతా కలిసి జుల్మీరాను ఆ స్టూలు మీద కూర్చోబెట్టారు. వేలు ముంచితే తియ్యగా ఉంది. ఆ తీపి కూడా పోతుందనుకుంటే ఆవిడ తట్టుకోలేకపోయింది. మొదటిరోజే చాలనేసింది. వైన్ కాస్తా పాకమైంది. నది దిగువన గాయాలో మన వైన్ కొనే వర్తకులు తిప్పి పంపేశారు. ఇంకోసారి ఇలాగైతే మీ ఊరి సరుకే వద్దన్నారు.

మళ్ళీ కోతలు రాబోతుంటే జుల్మీరా బుట్టలో రొట్టె పెట్టుకుని, నది వెంటే పోయే రైలెక్కి పోర్తో పట్నం వెళ్ళింది. ఇనప వంతెన దాటి, అవతలి ఒడ్డున గాయాలో వర్తకుల పీపాల కొట్టం తలుపు తట్టింది. అక్కడ రుచి చూసే పెద్దమనిషి ఎవరిస్తో.

"బెల్మీరో పెళ్ళాన్నయ్యా. చాలనడం నేర్చుకోడానికొచ్చాను."

"ఈ వయసులోనా! మీ పైఊళ్ళవాళ్ళు కాళ్ళతో బతుకుతారు, ఇక్కడ మేం ముక్కుతో బతుకుతాం. మీ ముక్కెలా ఉందమ్మా?"

"ఏడ్చి ఏడ్చి దిబ్బడేసింది."

ఎవరిస్తో మళ్ళీ హాస్యమాడలేదు. లోపలికి తీసుకెళ్ళాడు. పీపాలన్నీ ఎప్పట్లాగే సన్నగా మాట్లాడుకుంటున్నాయి. ఏ ఏడు ఎవరు తొక్కితే ఆ ఏటి వైన్‌లో వాళ్ళ గొంతులుంటాయి కదా. తాగితే తాగినవాళ్ళతో వెళ్ళిపోతాయి. మన వైన్ తాగే ఇంగ్లీషు దొరల పొట్టల్లో మన పాటలు ఎన్ని ఉన్నాయో!

ఎవరిస్తో మూలనున్న చిన్న పీపా మీద చెయ్యేశాడు. "మీ ఆయన చివరి ఏటిది. మిగతాదంతా వేరే పీపాల్లో కలిసిపోయింది. అడుగున మూడు గ్లాసులుంటుందేమో."

జుల్మీరా చెవి ఆనించింది. ఒకటీ రెండూ అనే లెక్క. అకార్డియన్. దాని వెనక బెల్మీరో నవ్వు: "నా కాలు వదిలి ద్రాక్షల్ని తొక్కవే, జుల్మీరా!"

ఆవిడ పీపాను రెండు చేతులా వాటేసుకుంది.

"అయ్యా, నాకేం నేర్పకపోయినా సరే. దీన్ని ఇలాగే ఉంచండి. అప్పుడప్పుడూ వచ్చి విని పోతాను."

"ఉంచినా ఉండదమ్మా. కొంత చెక్క తాగుతుంది, కొంత గాలి తాగుతుంది. వచ్చే ఏటికి వట్టి పీపా. ఆయన ఎంత తీపి దగ్గర ఆపాడో చెవికి తెలీదు, నాలిక్కే తెలుస్తుంది. తాగండి."

మొదటిరోజు ఒక గ్లాసు తాగింది. పీపాలో లెక్క ఆగిపోయింది. రెండోరోజు ఇంకో గ్లాసు. అకార్డియన్ పోయింది, నవ్వు పోయింది, ఆ వేళాకోళమూ పోయింది. మూడోరోజు చెవి పెడితే ఒక్క మాటే ఉంది. "చాలు!"

చివరి గ్లాసు వంచి ఇచ్చాడు ఎవరిస్తో. పొద్దున పట్టుకున్న గ్లాసు, నది మీద ఎండ వాలేదాకా చేతిలోనే ఉంది. అప్పుడు తాగింది.

కోతలొచ్చాయి. నేను ఈ బడికి వచ్చిన మూడో ఏడాది అది. తొట్టి దగ్గరే ఉన్నాను. రెండోరోజు మధ్యాహ్నమైనా ఆవిడ నోరు మెదపదు. వేలు ముంచడం, చప్పరించడం, కళ్ళు తుడుచుకోవడం.

"అక్కా, పొయ్యమంటావా? తీపంతా పోతోందే!" అన్నారు సారా కుండల వాళ్ళు.

"పోనీ."

ఇంకాసేపటికి ఆవిడ నోరు తెరిచింది. "చాలు!"

అచ్చంగా బెల్మీరో గొంతు. అలవాటైన గొంతే కదా, ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. సారా పోశారు. ఆ ఏటి వైన్ గాయాలో తీసుకున్నారు. ఇరవయ్యారేళ్ళుగా ఆ స్టూలు ఆవిడదే.

ఆ సాయంత్రం నన్ను పక్కకి పిలిచింది. "మాస్టారూ, ఇందాక చాలన్నది ఎవరి గొంతు?"

"మీ ఆయనదే కదమ్మా."

"అందరూ అదే అంటున్నారు. నాకు మాత్రం నా గొంతే వినిపించింది." మళ్ళీ తనే అడిగింది: "ఎలా ఉంది బాబూ? బొంగురుగా ఉందా?"

నిన్న మిమ్మల్ని అడిగిందీ అదే. రేపు రెండో తొట్టి దగ్గర మళ్ళీ అడుగుతుంది. బొంగురుగా ఉందని చెప్పండి, చివర్లో కాస్త నవ్వు కూడా ఉందని చెప్పండి. ఉన్నదే చెప్పండి, కానీ తొందరపడకుండా చెప్పండి.

ఇక లేవండి. కాబేజీ సూప్ చల్లారిపోతే మీ అమ్మలు నన్ను తిడతారు. పొండి, ఇళ్ళకెళ్ళి తినండి.