దారప్పోగంత ముక్క

"కాళ్ళు వాచినాయని కూర్చుంటే దోసెలు ఎవురు పోస్తారు?" అంది మా అత్త రామసుబ్బమ్మ. పోశాను. వంటగది గోడకి నడుం ఆనించుకుని ఇంటిల్లిపాదికీ పోశాను. నా భర్త మాల్యాద్రి చట్నీలో ఉప్పు చాల్లేదని పళ్ళెం పక్కకి నెట్టాడు. నాకు ఉప్పు తగ్గించమని నెల్లూరు డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆయన నా పక్కనే కూర్చుని విన్నాడు.

మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నారు. వీపులోంచి సూది పెట్టి కిడ్నీలోంచి దారప్పోగంత ముక్క తీశారు. "ఆ ముక్కలో ఏ ప్రొటీన్ పేరుకుందో చూస్తాం సుజనా. అది తెలిస్తే జబ్బు తగ్గేదా, ముదిరేదా అన్నది చాలావరకు అంచనా వెయ్యొచ్చు" అంది డాక్టరమ్మ.

ఆమెకి అది అంచనా. నాకు మాత్రం రిపోర్టు వచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నట్టే ఉంది. మా వీధి శీనమ్మ డయాలసిస్‌కి పోయొచ్చి అరుగు మీద కూలబడే తీరు చూస్తూనే ఉన్నాను. ఆమెకి చెయ్యి పట్టి బస్సెక్కించే కూతురుంది. నా దివ్యశ్రీ మూడో తరగతి. నేను లేకపోతే దానికి జడ ఎవరో ఒకరు వేస్తారు, అన్నం ఎవరో ఒకరు పెడతారు. నేను లేని ఈ ఇంట్లో అది ఎట్లా పెరుగుతుందన్నదే నా భయం. ఆ భయం పైకి చెబితే మాల్యాద్రి ఏమన్నాడో తెలుసా? "మీ ఉదయగిరోళ్ళలో ఎవురికన్నా ఉండాదేమో ఈ రోగం. దాచిపెట్టి అంటగట్టినారు." అత్త అందుకుంది. "పెళ్ళినాటికి రంగూ లేదు, ఇప్పుడు ఒళ్ళూ లేదు. ఏం చూసి చేసుకున్నామో!"

రంగు మాట నాకు కొత్త కాదు. ఆత్మకూరులో బట్టల కొట్టులో పనికి చేరినప్పుడు ఓనరు నన్ను వెనక గోడౌన్లో చీరలు మడతపెట్టడానికి నిలబెట్టాడు. "గిరాకీ ముందర నిలబడాలంటే మొహం కొంచెం తేటగా ఉండాలమ్మా" అన్నాడు. మాల్యాద్రి లారీ మీద చెన్నై పోయినప్పుడు ఒక క్రీము డబ్బా తెచ్చాడు. దాని మీద కంపెనీ పేరు లేదు, ఏం కలిపారో లేదు. పూసుకుంటే నిజంగానే తెల్లబడ్డాను. కౌంటర్లోకి వచ్చాను. అప్పట్నించీ పూసుకుంటూనే ఉన్నాను. మొదటి నెలంతా ఇంట్లో అందరూ నాతో నవ్వుతూ మాట్లాడారు. అబద్ధం చెప్పడమెందుకు, నాకూ సంతోషమేసింది.

రిపోర్టు వచ్చిందంటే ఇద్దరం నెల్లూరు వెళ్ళాం. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి నా మొహంలోకి పరీక్షగా చూసింది. "నీ ముక్కలో కనపడిన ప్రొటీన్ మామూలుగా చూసే రకం కాదు. ఇది కనపడితే నేను ముందు ఒకటి అడుగుతాను. నాటు మందులు గానీ, తెల్లబడే క్రీములు గానీ వాడుతున్నావా? కొన్నిట్లో పాదరసం ఉంటుంది. కారణం అదే అయితే, ఆపేస్తే చాలామందికి తగ్గుతుంది. ఆపకపోతే మాత్రం కిడ్నీలు దెబ్బతినొచ్చు."

"అట్టాంటివేం లేవు మేడమ్" అన్నాడు మాల్యాద్రి, నేను నోరు తెరవకముందే. బల్ల కింద నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

తగ్గుతుందన్న మాటకి నా ప్రాణం లేచి రావాలి. రాలేదు. ఆ డబ్బాలో క్రీము నేనొక్కదాన్నే పూసుకోవడం లేదు. "అమ్మ పోలికొచ్చింది దీనికి. చిన్నప్పటినించే పూస్తే రంగు నిలబడతాది" అని, బడి నుంచి రాగానే మా అత్త దివ్యశ్రీకి మొహం కడిగి, మెడకీ చేతులకీ కూడా పట్టిస్తోంది. ఒకసారి వద్దన్నాను. "నీకు పనికొచ్చింది, దానికి పనికిరాదా?" అంది. ఇప్పుడు బడి వదిలే వేళవుతోంది.

చెయ్యి విడిపించుకున్నాను.

"వాడతా ఉండాను మేడమ్. ఈయనే తెచ్చిచ్చినాడు. నా సంగతి తర్వాత చూద్దురుగాని. మా పాపకి కూడా అదే పూస్తా ఉండారు. నంబరు చెప్తాను, ముందు మా ఇంటికి మీరే ఫోన్ చెయ్యండి. నేను చెప్తే ఆపరు."