గోనెగుడ్డ రెక్క

కాలేజీలో ఆయన్ని అందరూ నంబర్ల మాస్టారు అంటారు. నిజానికి ఆయన మాస్టారు కాదు, స్టోర్ కీపరు. ప్రభుత్వం డబ్బుతో కొన్న ప్రతి వస్తువు మీదా నంబరు ఉండాలని రూలు. ఒకప్పుడు కాగితం ముక్క అంటించేవాడు. ఒక వానాకాలం చెమ్మకి అవన్నీ ఊడిపోయాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు తూకం మిషను లేదని రాసుకున్నారు. అది వాళ్ళ ఎదురుగానే ఉంది, కానీ దాని మీద నంబరు లేదు. ఆయన ప్రమోషను అక్కడితో పోయింది. అప్పటి నుంచి అల్యూమినియం రేకు మీద నంబరు గుద్ది, డ్రిల్లుతో బెజ్జాలు పెట్టి, రివెట్లతో బిగిస్తున్నాడు. బల్లలకీ బీరువాలకీ, ఆఖరికి చెత్తబుట్టలకి కూడా. ఆయన ముందు ఎక్కువసేపు కదలకుండా నిలబడితే వీపుకి రేకు కొట్టేస్తాడని పిల్లలు నవ్వుకుంటారు.

ఆయన మేనకోడలు అదే కాలేజీలో విమానాల ఇంజనీరింగు చదువుతోంది. ఉండేది మామయ్య ఇంట్లోనే. వేళ్ళకి ఎప్పుడూ రెజిన్ జిగురు అంటుకుని ఉంటుంది కాబట్టి తోటివాళ్ళు జిగురమ్మ అంటారు. డిగ్రీ పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే పరిశోధన గ్రాంటు ఆ ఏడు ఆమెకి వచ్చింది. గోనెసంచులు నేసే నార గుడ్డని రెజిన్‌లో తడిపి, పొరమీద పొర వేసి ఆరబెడితే చిన్న విమానానికి రెక్క అవుతుందని ఆమె నమ్మకం. గాలిలో రెక్క అదేపనిగా ఊగుతుంది. ఆ ఊపుని ఈ రెక్క తట్టుకుంటుందా అన్నదే పరీక్ష. తట్టుకుంటే గ్రాంటు రెండో ఏడు కూడా సాగుతుంది, పెద్ద ప్రయోగశాలలో చోటు దొరుకుతుంది. లేకపోతే ఫైలు మూసేస్తారు.

రెండు రెక్కలు చేస్తానని అడిగితే ఒకటి చాలదా అని గ్రాంటు ఇచ్చే పై ఆఫీసువాళ్ళు రెండోదాన్ని కొట్టేశారు. ఉన్న ఒక్కటీ వానాకాలమంతా షెడ్డులో కూర్చుని చేసింది. ఒక పొర ఆరితే గానీ రెండోది వేయకూడదు. మధ్యలో గాలిబుడగ ఉండిపోతే గోటితో తడిమి కనిపెట్టి, బ్లేడుతో చీరి, మళ్ళీ అద్దేది. రెక్కని పైకి తీసేటప్పుడు, పొరలు పరిచిన ప్లాస్టరు అచ్చు ముక్కలైపోయింది. అయినా రెక్క బాగా వచ్చింది. ఎండలో పెట్టి చూస్తే లోపలి నేత తేనెరంగులో కనిపించేది.

పరీక్షకి కొద్ది రోజుల ముందు మామయ్య ఆమెని షెడ్డుకి పిలిచాడు.

"ఇలా రా అమ్మాయ్. నీ క్లాసు అయ్యేలోపు పని కానిచ్చేశా."

రెక్కని బోర్లా తిప్పి చూపించాడు. అడుగువైపు, సరిగ్గా రెక్క మొదట్లో, విమానానికి అతుక్కునే చోట రేకు మెరుస్తోంది.

"పైన కొడితే అందం పోతుందని కిందకి కొట్టాను. ఎవరి కంటా పడదు."

ఆమె రివెట్ల మీద వేలు పెట్టింది. "డ్రిల్లు ఎంతవరకు దిగింది మామయ్యా?"

"అవతలికి వచ్చేదాకా. లేకపోతే ఊడదూ?"

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"ఏమైందే?"

"గుడ్డ చింపాలంటే ముందు ఏం చేస్తావు?"

"అంచున గాటు పెడతాను."

"బరువంతా పడేది అక్కడే. గాటు పెట్టేశావు."

ఆయన రేకు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "కొట్టొద్దని ముందే చెప్పొద్దూ."

"విమానం రెక్కకి రేకు కొడతావని నేనెలా అనుకుంటాను?"

"ఫ్యాను రెక్కలకి కొట్టాను కదా, ఏమీ కాలేదు" అని, ఆ మాట తనకే సబబుగా తోచక డ్రిల్లు అందుకున్నాడు.

రివెట్లు తీసేశారు. బెజ్జాల్లో ఆమె రెజిన్ నింపింది, పైన మామయ్య గరుకు కాగితంతో రుద్దాడు. చేత్తో తడిమితే తెలియనంత నున్నగా వచ్చింది. ఆయన ముఖం కొంచెం తేరుకుంది. ఆమె ముఖం తేరుకోలేదు. తెగిన నార లోపల తెగినట్టే ఉంటుందని ఆమెకి తెలుసు.

తన పరిశోధన చూసే ప్రొఫెసరుకి చెప్పింది. ఆయన తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"తేదీ మార్చమంటే ఎందుకని అడుగుతారు. చెబితే ప్రభుత్వ ఆస్తి పాడుచేశాడని మీ మామయ్యని సస్పెండ్ చేస్తారు. రిటైరయ్యే ముందు ఆ మచ్చ పడితే పెన్షను కూడా ఆగుతుంది. ఆలోచించుకో."

"మళ్ళీ చేయడానికి అచ్చు కూడా లేదు సార్."

"బెజ్జాలు చిన్నవే కదమ్మా. ఏమో, తట్టుకుంటుందేమో."

పరీక్ష రోజు పై ఆఫీసు నుంచి అధికారి వచ్చాడు. రెక్కని ఊపే మిషను వారమంతా నడవాలి, ఆయన మొదలుపెట్టించి వెళ్ళిపోవాలి, అదీ ఏర్పాటు. మెకానిక్ రెక్క మొదలుని ఇనుపదిమ్మల మధ్య బిగించి మీట నొక్కాడు. రెక్క కొస పైకీ కిందకీ ఊగడం మొదలైంది. అధికారికి టీ ఇచ్చారు.

"గోనెసంచితో విమానమా" అని అధికారి నవ్వాడు. "ఉల్లిపాయలు కూడా అందులోనే తీసుకెళ్ళొచ్చు."

ప్రొఫెసరు నవ్వాడు. మామయ్య స్టోరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె రెక్క మొదలు వైపే చూస్తోంది. ముందు సన్నగా కిర్రుమంది. ఎండుకట్టె మీద గోరు గీసినట్టు అంతే. మెకానిక్ చెయ్యి మీట మీదకి వెళ్ళేలోపే రెక్క పెళుక్కున విరిగి వేలాడింది. అధికారి కప్పులో ఇంకా టీ ఉంది.

అధికారి రెక్క దగ్గరకి వెళ్ళి వంగి చూశాడు. విరుపు రెండు గుండ్రటి మచ్చల మధ్యగా పోయింది.

"ఇవేంటి?"

ప్రొఫెసరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆమె మామయ్య వైపు చూసింది. ఆయన పెదవులు కదిలినట్టే అనిపించింది. కదిలాయేమో. మాట మాత్రం రాలేదు.

"వైర్లు పోనివ్వడానికి ఆ బెజ్జాలు నేనే పెట్టాను సార్" అంది ఆమె.

"రెక్క మొదట్లో బెజ్జం పెట్టకూడదని మీకు పాఠం చెప్పలేదా?"

"చెప్పారు సార్."

"అయినా బెజ్జాలు లేని విమానం ఎక్కడుంది? బెజ్జం ఉన్నా ఆగాలి. అంటే ఈ సరుకే ఆగదు."

బెజ్జం ఉండే చోట పొరలు పెంచుతారని, ఇక్కడ పెంచలేదని చెప్పొచ్చు. చెబితే ఎందుకు పెంచలేదని అడుగుతాడు, బెజ్జాలు తర్వాత పడ్డాయని తెలిసిపోతుంది. అది చెప్పకుండా ఆమె వేలాడుతున్న ముక్కని ఎత్తి పట్టుకుంది. నార రెక్కలకి పనికిరాదని అధికారి అక్కడే నిలబడి రాసేశాడు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య వంటింట్లో నుంచి అడిగింది, "ఏమైంది?"

"విరిగింది" అన్నాడు మామయ్య.

"గోనెగుడ్డ ఎక్కడ ఆగుతుందిలే. నాకు ముందే అనుమానం. పోనీ తల్లీ, ఈసారి గట్టి సరుకుతో చెయ్యి."

మామయ్య కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. అన్నం చల్లారిపోతోందని అత్తయ్య కసిరినా కలపలేదు.

మర్నాడు ఉదయం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని అందరికంటే ముందే బయల్దేరాడు. మధ్యాహ్నం షెడ్డుకి వచ్చేసరికి ఆమె విరిగిన రెక్కని మిషను నుంచి విప్పుతోంది.

"ప్రొఫెసరు గారికి చెప్పాను. బెజ్జాలు నేనే పెట్టానని పై ఆఫీసుకి రాస్తానన్నాను."

"ఏమన్నారు?"

"రిపోర్టు వెళ్ళిపోయిందన్నారు. ఇప్పుడు నేను రాస్తే, నువ్వు అధికారికి అబద్ధం చెప్పినట్టు అవుతుందట. గ్రాంటు సంగతి అటుంచి, డిగ్రీకే ఎసరొస్తుందట."

ఆమె బోల్టు విప్పుతూనే ఉంది.

"నిన్ననే నోరు తెరవాల్సింది" అన్నాడు.

"దిమ్మ పట్టుకో మామయ్యా. కాలి మీద పడుతుంది."

ఆయన పట్టుకున్నాడు. ఆ మాట మీద ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. ఇంట్లో అన్నం పెట్టమనీ నీళ్ళిమ్మనీ మామూలుగానే అడిగేవాడు. అమ్మాయ్ అని పిలవడం మాత్రం మానేశాడు. ఎదురుగా వచ్చి నిలబడి, ఆమె చూసేదాకా ఆగేవాడు.

కొత్త ఏడాది గ్రాంటుకి అర్జీలు అడిగారు. రెండో ఏడు చదివే అమ్మాయి ఒకతె ప్రొఫెసరు గదికి వచ్చింది. అప్పుడు జిగురమ్మ అక్కడే పాత నమూనాలు సర్దుతోంది.

"నార గుడ్డతో తోక భాగం చేద్దామనుకుంటున్నాను సార్. తేలికగా ఉంటుంది, అందరికీ దొరుకుతుంది" అంది ఆ పిల్ల. లెక్కలు కూడా వేసుకొచ్చింది. లెక్కలు సరిగ్గానే ఉన్నాయని ఆమెకి దూరం నుంచే కనిపించింది.

"అది చూసేశాం. పనికిరాదని పైవాళ్ళే రాశారు. ఇంకోటి ఆలోచించు" అన్నాడు ప్రొఫెసరు, తలెత్తకుండా.

ఆ పిల్ల ఆమె వైపు తిరిగింది. "చేసింది నువ్వే కదా అక్కా? నిజంగానే ఆగలేదా?"

ప్రొఫెసరు కలం ఆగింది.

"ఆగలేదు" అంది ఆమె.

"కొంచెం కూడానా?"

"కొంచెం కూడా."

ఆ పిల్ల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. అయితే ఏ సరుకుతో చేస్తే గ్రాంటు వస్తుంది సార్ అని అడగడం మొదలుపెట్టింది.