ఇంట్లో ఒక్కదానికే వచ్చిన పని

"మిల్లుకు ఫోన్ చేసి చెప్పిన, ఇగ నువ్వు రావని," అన్నాడు మా ఆయన వంటింటి గడపలో నిలబడి. కరెంటు బిల్లు కట్టేసి వచ్చినంత మామూలుగా చెప్పాడు. నేను జొన్నరొట్టె తడుతున్నాను. రెండు చేతులకీ పిండి. ఏదో అందామని తలెత్తేసరికి ఆయన ముందుగదిలోకి వెళ్లిపోయాడు. పెనం కాలిపోతోంది కాబట్టి రొట్టె ఎత్తి దాని మీద వేశాను. ఈ ఇంట్లో నా జవాబులు చాలావరకు ఇలాగే పెనం మీదకు పోతుంటాయి.

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం మాది. మా మామ మడివాళప్ప పెట్టాడు, ఇప్పుడు మా ఆయన సంగమేష్ చూసుకుంటాడు. నేను ఊరి చివర పప్పు మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. కంగ్టి, సిర్గాపూర్ వైపు నుంచి వచ్చే కందుల బండ్ల తూకాలు కంప్యూటర్‌లో ఎక్కించే పని. మా అమ్మాయి సుప్రీతను జహీరాబాద్ హాస్టల్‌లో వేశాక, ఏడాదిపాటు ఒక్కొక్కరినే బతిమాలి సంపాదించుకున్న కుర్చీ అది. అక్కడ నన్ను శైలశ్రీ మేడమ్ అని పిలుస్తారు. ఇంట్లో నేను సుప్రీత తల్లిని, సంగమేష్ పెండ్లాన్ని, పని పడితే శైలను. పూర్తి పేరుతో పిలిపించుకోవడానికి రోజూ ఎండలో నడిచి వెళ్లేదాన్నంటే నవ్వుతారేమో గానీ, నిజం అదే.

ఆ మిల్లే నన్ను ఈ ఇంట్లో కట్టేస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు మిల్లులో ప్రథమ చికిత్స నేర్పడానికి పీటర్ అనే ఆయన వచ్చాడు. చాలా ఏళ్లు అంబులెన్సులో పనిచేసిన మనిషి. ప్రతి మిల్లులో ఒకరికైనా ఈ పని వచ్చి ఉండాలని పైనుంచి ఆర్డరు. ఎవరు నేర్చుకుంటారని సేటు అడిగితే హమాలీలు లోడింగు ఉందన్నారు. గుమస్తా సిద్ధేశ్వర్ ఆయన తెచ్చిన రబ్బరు బొమ్మను చూసి, దాని మీద పడి ఒత్తుడు నాతోని కాదన్నాడు. "మేడమ్ ఖాళీగనే ఉంటది గద," అన్నాడు సేటు. ఖాళీగా ఉన్న నేను ఆ రోజు తూకాలన్నీ సాయంత్రం లైట్లు వేశాక కూర్చుని ఎక్కించాను. మర్నాటి నుంచి మందుల డబ్బా తాళం కూడా నా మెడకే చుట్టారు. ఎవరి వేలు తెగినా నా కుర్చీ దగ్గరికే వస్తారు, టీ ఎవరికి అందకపోయినా నా దగ్గరికే వస్తారు.

అయినా ఆ పొద్దు నాకు నచ్చింది. రబ్బరు బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గుండె ఆగిన మనిషికి చేసినట్టు ఛాతీ మధ్యలో అరచెయ్యి పెట్టి, దాని మీద ఇంకో చెయ్యి వేసి ఒత్తితే పీటర్ సార్ తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, గింత మెల్లగ ఒత్తితే మనిషి లేవడు. నీ బరువంత వెయ్యి. ఎముక ఇరిగితే అతుకుతది, పానం పోతే రాదు." పుట్టినప్పటి నుంచీ నాకు అందరూ చెప్పింది మెల్లగా అనే మాట ఒక్కటే. మెల్లగా నడువు, మెల్లగా మాట్లాడు, రొట్టె తట్టే చప్పుడు వాకిట్లోకి వినపడనీయకు. గట్టిగా చెయ్యమని చెప్పిన మొదటి మనిషి ఆయనే. నేను ఒత్తాను. చెమటలు కారేదాకా ఒత్తాను. పప్పు చెరిగే రామవ్వ గుమ్మంలో నిలబడి చూసి, మేడమ్‌కు ఎవరి మీదనో కోపమున్నట్టుందని నవ్వింది.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చి దిండు తీసుకుని, ఇదిగో ఇలా చెయ్యాలి, అందరికీ వచ్చి ఉండాలి అని చూపించబోయాను. పొద్దుగూకే యాళ్ల ఇంట్లో గీ చావు ముచ్చట్లేందని మా ఆయన విసుక్కున్నాడు. మా అత్తమ్మ నీలాంబిక నా చేతిలోంచి దిండు లాక్కుని మంచం మీద పెట్టేసింది. ఆ దిండు మీద మామ తల పెట్టుకుంటాడట, దాన్ని పట్టుకుని గుద్దడమేందని అడిగింది.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున మామ స్నానం, లింగపూజ చేసుకుని వచ్చి రొట్టె ముందు కూర్చున్నాడు. ముక్క తుంచాడు. తుంచిన ముక్క చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు. పిలిస్తే పలకలేదు. ఊపిరి లేదు. "అప్పా, అప్పా" అంటూ మామ బుగ్గలు తడుతున్నాడు మా ఆయన. అత్తమ్మ దేవుడి గూటికి పరిగెత్తి తీర్థం గ్లాసు తెచ్చి మామ నోట్లో పోయబోయింది. స్పృహ లేని మనిషి గొంతులో నీళ్లు పోస్తే ఊపిరికి అడ్డం పడతాయి. గ్లాసును చేత్తో తోసేశాను. తీర్థం నేలపాలైంది. మా ఆయనతో, "108కు కొట్టండి, జల్దీ," అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకు నేనొక పని చెప్పడం అదే మొదలు. ఆయన చేశాడు కూడా.

నేను మామ ముందు ఎప్పుడూ కొంగు తలమీద కప్పుకునే తిరిగాను. పండగనాడు పాదాలకు మొక్కడం తప్ప ఆయన్ని ముట్టుకుని ఎరుగను. ఇప్పుడు ఆయన అంగీ గుండీలు తెంపాను. సరిగ్గా ఛాతీ మధ్యలో, నా అరచెయ్యి పడాల్సిన చోటే, వెండి కరడిగె ఉంది. మా లింగాయతులు మెడలో కట్టుకునే లింగం అందులోనే ఉంటుంది. ఒకసారి కట్టుకున్నాక ప్రాణమున్నంత కాలం దాన్ని ఒంటి నుంచి వేరు చేయకూడదు. పూజకు అరచేతిలోకి తీసుకున్నా దారం మెడలోనే ఉండాలి. పక్కకు జరిపి ఒత్తాను. ఒత్తిన ప్రతిసారీ జారి మళ్లీ నా చేతి కిందికే వస్తోంది. నాకు భయం వేసింది. ఆ భయంలో కాసేపు చెయ్యి అటూ ఇటూ పెట్టి తప్పుగా ఒత్తాను. తరవాత ఆయన తల పైకెత్తి దారం తీసేశాను.

"లింగం తియ్యకే, తీస్తే ఇగ ఏం మిగిలింది," అని అత్తమ్మ నా భుజం పట్టుకుంది. లింగాన్ని ఆమె చేతిలో పెట్టి, గట్టిగా పట్టుకొమ్మన్నాను. ఆమె రెండు చేతులతో గుండెకు హత్తుకుని కూలబడింది. నేను నా బరువంతా వేశాను. పీటర్ సార్ తెలుగులో లెక్క నేర్పాడు గానీ నా నోట్లోంచి మాత్రం ఒందు, ఎరడు, మూరు అంటూ మా అమ్మ నేర్పిన కన్నడమే వచ్చింది. చేతి కింద ఎముక టక్కున విరిగింది. అత్తమ్మ విన్నది. "సంపుతున్నవే," అంది. నేను ఆపలేదు. కొంగు ఎక్కడుందో తెలియదు, జుట్టు విడిపోయింది, చేతులు నావి కానట్టు అయిపోయాయి. 108 వాళ్లు వచ్చి నన్ను పక్కకు జరిపి మిషనుతో షాకిచ్చేదాకా ఒత్తుతూనే ఉన్నాను. వాళ్లలో ఒకాయన వెళ్తూ వెళ్తూ, "ఎవరు ఒత్తిన్రో గని మంచిగ ఒత్తిన్రు," అన్నాడు. ఎవరూ నా పేరు చెప్పలేదు.

మామ బతికాడు. హైదరాబాద్ దవాఖానలో గుండెకు స్టెంటు వేయించుకుని, రెండు పక్కటెముకలు విరిగి, ఇంటికొచ్చాడు. నాకు సంతోషం కలిగింది, అబద్ధం చెప్పను. నా చేతులు చూసుకుని ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను కూడా. ఆ తరవాతే అసలు సంగతి మొదలైంది. మఠం నుంచి అయ్యగారిని పిలిపించి లింగం మళ్లీ కట్టించారు. తీసినదాన్ని కాబట్టి తప్పయిందని మొక్కమన్నారు, మొక్కాను. చూడ్డానికొచ్చిన చుట్టాలకు అత్తమ్మ, 108 వాళ్లు దేవునిలెక్క వచ్చి బతికించిన్రని చెప్పింది. కోడలు మామ ఛాతీ మీద చేతులేసి కూర్చుందని ఎవరితో చెప్పుకుంటుంది పాపం. మామ మాత్రం దగ్గు వచ్చినప్పుడల్లా పక్కటెముకలు పట్టుకుని, ఇంకింత మెల్లగ ఒత్తరాదా అని నావైపు చూసేవాడు.

చుట్టాలు వెళ్లిపోయాక ఇంట్లో ఇంకో లెక్క. "మళ్ల ఏమన్న అయితే ఎట్ల? నీకొక్కదానికే గద వచ్చేది," అన్నాడు మా ఆయన. మొదట వారం సెలవు పెట్టమన్నాడు. ఇంకో వారం అన్నాడు. నెల దాటింది. పదిమందిలో నాకేమీ రాదు, ఇంట్లో కట్టెయ్యడానికి మాత్రం నాకు అన్నీ వచ్చు. స్నానానికి పోతే అత్తమ్మ బయట నిలబడి, గొళ్లెం పెట్టకు, పిలిస్తే జల్దీ రావాలె అనేది. కంగ్టిలో మా అమ్మకు జ్వరమొస్తే చూసి వస్తానన్నాను. బస్సు దొరకకపోతే ఈడ ఎవరున్నరని మా ఆయన అడిగాడు. పోలేదు. కూరగాయలకు కూడా వీధి చివరిదాకా పోనివ్వలేదు. మామ మంచానికి వినపడేంత దూరమే నా ఊరు.

మరి మీరు నేర్చుకోండి, ఒక్క పూట పని, నేనే నేర్పుతాను అని ఎన్నిసార్లు అన్నానో. దుకాణంలో సీజను అని మా ఆయన తప్పించుకున్నాడు. నా చేతుల్ల బలమేడుందని అత్తమ్మ అంది, రోకలితో మిరపకాయలు దంచుతూ. నువ్వున్నవ్ గదా అని ఇద్దరూ అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఊపిరి ఆడేది కాదు. ఒక్కోసారి, నాకు ఈ పని రాకపోయి ఉంటే అనిపించేది. ఆ ఆలోచన ఎక్కడిదాకా పోతుందో తెలుసు, అయినా వచ్చేది.

మొన్న పొయ్యి దగ్గర నాకు కళ్లు తిరిగాయి. రక్తం తక్కువుందని సుప్రీత పుట్టినప్పటి నుంచీ డాక్టరు చెబుతూనే ఉన్నాడు. గోడ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాను. వంటింటి బండలు చల్లగా ఉన్నాయి. పైన రొట్టె మాడుతోంది. వాసన ముందుగదిలోకి పోయింది. "రొట్టె మాడుతుంది శైలా," అని కేకేసింది అత్తమ్మ. ఎవరూ రాలేదు. నేనే లేచి రొట్టె తీశాను. అప్పటి నుంచీ ఒకటే అనుకుంటున్నాను, ఆ రోజు లేవకపోయి ఉంటే ఎవరు వచ్చి ఏం చేసేవారని.

ఇవాళ ఆయన మిల్లు మాట చెప్పి వెళ్లాక ఇంకో రొట్టెకు పిండి తీసుకోబోయి ఆగిపోయాను. పొయ్యి ఆర్పాను. చేతులు కడుక్కుని ముందుగదిలోకి వెళ్లాను. మామ దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. అత్తమ్మ ఎల్లిపాయలు వొలుస్తోంది. మా ఆయన దుకాణం తాళాలు వెతుక్కుంటున్నాడు.

"నేనిప్పుడు పడిపోయిన అనుకోండి. ఊపిరి లేదు," అని చెప్పి గది మధ్యలో బండల మీద వెల్లకిలా పడుకున్నాను.

పైన ఫ్యాను తిరుగుతోంది. "ఏం ఏషాలివి," అన్నాడు మా ఆయన. నేను పలకలేదు. ఊపిరి లేనిదాన్ని కదా. ఆయన రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలో ఆయనకు నిజంగానే తెలియదు. అత్తమ్మ లేచి వచ్చింది. నా పక్కన వంగింది. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది, ఛాతీ మీద ఆమె అరచెయ్యి పడుతుందని. ఆమె నా చీర కుచ్చిళ్లు కిందికి లాగి పాదాలు కప్పింది. "మామ ముంగట గట్ల పండుకుంటరానే," అంది.

ఇంకాసేపు అలాగే ఉన్నాను. గుండె ఆగిన మనిషిని బతికించడానికి ఎంతసేపు ఉంటుందో పీటర్ సార్ చెప్పాడు, అది ఎక్కువ సేపేమీ కాదు. అది దాటిపోయిందని నాకు అర్థమయ్యాక లేచి కూర్చున్నాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. చాలా రోజుల తరవాత తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను. జుట్టు ముడేసుకుని, ఫోన్ తీసి సేటుకు చేశాను. మా ఇంట్లో ఎవరో ఏదో చెప్పి ఉంటారు, ఆ మాట నాది కాదు, అరగంటలో వస్తున్నా అని చెప్పాను. మా ఆయన వింటూనే ఉన్నాడు. ఆదివారం పీటర్ సార్ మళ్లీ మిల్లుకు వస్తున్నాడని సేటు చెప్పాడు, నేర్చుకోవాలనుకునేవాళ్లు రండి అని అందరితోనూ ఒకే మాట అన్నాను.

చెప్పులు వేసుకుంటుంటే అత్తమ్మ గుమ్మం దాకా వచ్చింది. గొంతులో నిజంగానే భయం ఉంది. "నువ్వు గిట్ల పోతే, మీ మామకు ఏమన్న అయితే మేమేం జెయ్యాలె?"

మంచం మీద మామ కూడా నావైపే చూస్తున్నాడు. నేను ఇద్దరికీ వినపడేలా చెప్పాను.

"నాకేమన్న అయితే ఏం జేస్తరో, గదే చెయ్యండి."