తడారని అక్షరాలు

కళ్యాణదుర్గంలో పిల్లల్ని బడికి పంపే తల్లులు తల దువ్వేటప్పుడే చెప్పే మాట ఒకటుండేది: కుళ్లాయప్ప రాతలకు ఆనుకోవద్దు, చొక్కా పాడవుతుంది. నలభై ఏళ్ల కిందట కుళ్లాయప్ప గోడల మీద రాసిన పేర్లు పోయినేడాది దాకా తడారలేదు. ఎరువుల అంగడి ఎరుపు, సైకిల్ షాపు నీలం, వేలు పెడితే వేలికి అంటుకునేవి. చెరువు ఎండింది, బోర్లు ఎండాయి, ఆ అక్షరాలు మాత్రం ఎండలేదు. కిరసనాయిలుతో రుద్దితే మరక పోతుందని ఊళ్లో అందరికీ తెలుసు.

సుంకప్ప బోర్డులు రాయడం నేర్చుకుంది ఆ తడిలోనే. పద్దెనిమిదేళ్ల వయసులో, మిట్టమధ్యాహ్నం జనం అన్నానికి పోయినప్పుడు, అక్షరంలో వేలు పెట్టి కుళ్లాయప్ప చేయి పోయిన దారినే పోయేవాడు. కుంచె ఎక్కడ ఒత్తాడో, ఎక్కడ తేల్చాడో, మణికట్టు ఎక్కడ తిప్పాడో వేలికి తెలిసేది. నేర్పమని అడగడానికి ధైర్యం చాలలేదు, కుళ్లాయప్ప ముక్కోపి. వేలు పెట్టిన అక్షరం చెరిగిపోయేది. మర్నాటికి మళ్లీ చక్కగా ఉండేది. తడి అక్షరం కదా, అదే సర్దుకుందనుకునేవాడు.

రెండేళ్లకు చేయి కుదిరింది. మూలన 'సుంకు ఆర్ట్స్' అని సంతకం పెట్టుకుంటూ ఏళ్ల తరబడి బతికాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి పెద్దా చిన్నా చూడకుండా ఇద్దరినీ టీ అంగడి బల్ల మీద కూర్చోబెట్టాయి.

పోయినేడాది ఆ బల్ల దగ్గరికే చంద్రిక వచ్చింది. చేతిరాతల్ని కంప్యూటర్ అక్షరాలుగా మార్చడం ఆమె పని, ఉండేది బెంగళూరులో. కుళ్లాయప్ప రాతలు చొక్కాలకు అంటీ అంటీ మసకబారాయి కాబట్టి ఆమె కంటికి ఆనింది సుంకప్ప బోర్డులే. ఆ అక్షరాలకు సుంకప్ప పేరే పెడతానంది. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగింది.

బల్లకు ఆ చివర కుళ్లాయప్ప కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి, కళ్లకు పొర వచ్చింది, చెవులు మాత్రం చురుకే. పేరు చెబితే ఈ అమ్మాయి ఆ చివరికి జరుగుతుందేమోనని సుంకప్పకు భయం వేసింది. పుట్టి బుద్ధెరిగాక తనను వెతుక్కుంటూ వచ్చింది ఈమె ఒక్కతే.

"ఎవురూ నేర్పలేదమ్మా," అన్నాడు. "నా అంతకు నేనే నేర్చుకుంటి."

కుళ్లాయప్ప గ్లాసు కింద పెట్టి, కర్ర అందుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఊళ్లో ఆయన రాతలన్నీ ఆరిపోయాయి. ఒక పని తప్పిందనుకున్నారు తల్లులు. సుంకప్ప ఒక్కడే ఎరువుల అంగడి దగ్గరికి పోయి వేలు పెట్టి చూశాడు. గరుగ్గా తగిలింది. ఎందుకు ఆరాయో అతనికి తెలుసు. రేపు పోయి కాళ్లు పట్టుకుందామనుకున్నాడు. రేపంటే సంత, ఎల్లుండంటే అమావాస్య. సిగ్గుపడ్డవాడికి సాకులు కరువా? నాలుగు నెలలు అలాగే గడిపాక, కుళ్లాయప్ప పోయాడని కబురు వచ్చింది.

దినాల నాడు వెళ్లాడు. కుళ్లాయప్ప భార్య బయమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. సుంకప్ప తల వంచుకుని, తప్పయిపోయిందన్నాడు, తన విద్యంతా ఆయన గోడల దగ్గర దొంగిలించిందేనన్నాడు.

"దొంగతనమేంటికప్పా," అంది బయమ్మ. "నువ్వు చెరిపినదాన్ని పొద్దున్నే పోయి మళ్లా రాస్తాండె. 'వానికి ఈ తిప్పు ఇంకా పట్టుబడలేదు, ఈసారి నిదానంగా రాసి చూపిస్తా' అంటాండె నాతో. రెండేండ్లు, ఒక్క దినం తప్పలేదు."

అక్షరం తనంతట తానే సర్దుకుంటుందని ఇన్నేళ్లూ నమ్మాడు సుంకప్ప. రోజూ వచ్చి నేర్పిపోయిన మనిషి వింటుండగానే ఎవరూ నేర్పలేదన్నాడు. ఆ అరుగు పక్కనే కూలబడి ఏడ్చాడు.

మర్నాడు చంద్రికకు ఫోన్ చేసి, ఆ అక్షరాలకు తన పేరు వద్దు, కుళ్లాయప్ప పేరు పెట్టమన్నాడు. నిచ్చెన తీసుకుని బయలుదేరి, తన ప్రతి బోర్డు మీదా 'సుంకు ఆర్ట్స్' గీకేసి 'కుళ్లాయప్ప శిష్యుడు సుంకప్ప' అని రాశాడు.

ఆ మాటలు ఆరలేదు. వారం తిరిగేసరికి తల్లులు మళ్లీ పిల్లల్ని హెచ్చరించడం మొదలుపెట్టారు. చంద్రిక వచ్చినప్పుడు కుళ్లాయప్ప పేరు మీద వేలు పెట్టింది. నీలం అంటుకుంది. వేలు తీయకుండా, ఒంపు వెంబడి చివరిదాకా నిదానంగా పోయింది. కంప్యూటర్ తప్ప ఎరగని మనిషి, ఆ రోజే బజారుకు పోయి కుంచె కొనుక్కుంది.

పక్కనే నిలబడి సుంకప్ప కూడా వేలు పెట్టి చూసుకున్నాడు. ఊళ్లో అందరి వేళ్లకూ అంటుకునే ఆ తడి, ఎవరూ నేర్పలేదన్న అతని వేలికి మాత్రం అంటలేదు. అయినా అలవాటు కొద్దీ పంచెకు తుడుచుకున్నాడు.