పొద్దున్న మనిషి

పంచె బిగించుకుని నిత్యానందం తలకు తువ్వాలు చుట్టుకోబోయాడు. తువ్వాలు జారి కిందపడింది. తీసి చుట్టబోతే మళ్లీ జారింది. ఇక చుట్టుకోకుండా దాన్ని భుజాన పడేసుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. బయట ఇంకా మసగ్గానే ఉంది. కాలువ మీద మంచు పొగలా పాకుతోంది. లాకు గోడలకు నీళ్లు తగిలే చప్పుడు వినిపిస్తోంది. ఏళ్ల తరబడి వింటున్న చప్పుడే. అయినా ఈమధ్య అది ఎవరో తనను పేరుపెట్టి పిలుస్తున్నట్టుంటోంది.

"గంజి తాగి ఎల్లండి," అంది వెనకనుంచి భార్య వరమ్మ.

"వచ్చాక తాగుతాలే."

"నిన్నా అదే అన్నారు."

 గంజి వాసన తగలగానే మొహం తిప్పుకుని గుమ్మం దిగాడు.

కోడి కూయకముందే అతనికి మెలకువ వచ్చేస్తుంది. కళ్లు తెరవకముందే భయం వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. పాముకో దొంగకో అయితే చెప్పుకోవచ్చు. ఇది ఎందుకో తెలియని భయం. అరికాళ్లు చల్లబడతాయి. కడుపులో పేగులు మెలిపెట్టినట్టవుతుంది. ఇవాళ ఏదో ఘోరం జరగబోతోంది, అది తన చేతుల మీదుగానే జరగబోతోంది అనిపిస్తుంది. పొద్దెక్కే కొద్దీ పట్టు వదులుతుంది. మధ్యాహ్నానికి అన్నం సహిస్తుంది. సాయంత్రమయ్యేసరికి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని గొంతెత్తి కీర్తనలు పాడతాడు. రాత్రి నవ్వుతూ పడుకున్న మనిషిని తెల్లారేసరికి ఎవరు ఎత్తుకుపోతున్నారో వరమ్మకు అంతుపట్టేది కాదు.

ఏలూరులో డాక్టరుగారు గుండె మీద గొట్టం పెట్టి చూసి, ఏమీ లేదని ఎర్రటి మందు సీసాలో పోసిచ్చారు. పాస్టరుగారు నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. భీమడోలు నుంచి అత్తగారొచ్చి, ఇది గాలేనని తేల్చి, ఎండుమిరపకాయలు దిగదుడిచి, పాస్టరుగారి చెవిన వెయ్యొద్దని ఒట్టు పెట్టించుకుని వెళ్లింది. మందు అయిపోయింది. భయం అలాగే ఉంది.

తాడేపల్లిగూడేనికీ భీమడోలుకీ మధ్య ఏలూరు కాలువ మీద ఉన్నాయి ఆ లాకులు. కాలువకు అడ్డంగా రెండు పెద్ద చెక్కతలుపులు. ఒకదాన్ని తెరిచే ఇనపచక్రం ఈ గట్టున, రెండోది ఆ గట్టున. ఈ గట్టున చక్రం తిప్పే లస్కరు నిత్యానందం, ఆ గట్టున లస్కరు వరహాలు. రెండూ తిప్పితేనే తలుపులు విచ్చుకుని పడవకు దారిస్తాయి. నడుమ నీళ్లుండబట్టి ఇన్నేళ్లూ వాళ్లు మాట్లాడుకున్నదంతా కేకలే. వరహాలు కలిదిండి వైపు కొల్లేటి లంకలో పుట్టినవాడు. పెళ్లాం పోయాక ఆ గట్టునే తాటాకుల పాక వేసుకుని ఒంటరిగా ఉంటున్నాడు. తలంతా నెరిసింది కానీ చక్రం పట్టుకుంటే కుర్రాళ్లు చాలరు.

రాత్రిళ్లు పడవలవాళ్లకు గుర్తుగా తలుపుల నడిమధ్యన ఎర్రదీపం పెడతారు. తెల్లవారాక దాన్ని తెచ్చి ఆర్పడం నిత్యానందం పని. తలుపుల పైన నడవడానికి జానెడు వెడల్పు చెక్క ఒకటుంది. దాని మీద నిలబడితే ఒకవైపు గట్టుదాకా నిండిన నీళ్లు, రెండోవైపు బావిలాంటి లోతు. వెనకటికి ఆ చెక్క మీద బీడీ కాలుస్తూ నడిచేవాడు. ఇప్పుడు దాన్ని చూస్తేనే ఒళ్లు చెమటపడుతోంది.

జారి పడిపోతానని కాదు. తనంతట తనే దూకేస్తానేమోనని. ఈ ముక్క అతను ఎవరికీ చెప్పలేదు, వరమ్మకు కూడా.

ఎగువన ధాన్యం పడవ ఒకటి వచ్చి ఆగి ఉంది. రాత్రంతా తాడు భుజాన వేసుకుని గట్టు వెంట పడవను లాగినవాళ్లు చలిమంట చుట్టూ చేరారు. "ఏవండోయ్, తలుపులు తీత్తారా?" అని కేకేశాడొకడు. లాకు సూపర్నెంటు హనుమంతరావుగారి కిటికీలో దీపం వెలిగింది. ఆయన మెత్తని మనిషే. మొన్న మెత్తగానే అన్నారు, "ఒంట్లో బాగోకపోతే చెప్పవయ్యా, ఇంకెవరినైనా వేసుకుంటాను," అని. ఆ మాట కత్తిలా దిగబడి ఉంది.

నిత్యానందం చెక్క మీద కాలుపెట్టాడు. దీపం దాకా నడిచాడు. వంగి దాన్ని అందుకున్నాడు. అంతే, మోకాళ్లు బిగుసుకుపోయాయి. ముందుకు లేదు, వెనక్కి లేదు. కింద తలుపుల సందులోంచి నీళ్లు సన్నగా చిమ్ముతున్నాయి. వాటివైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు. 

"కూచో," అంది ఒక గొంతు.

తలెత్తాడు. ఆ గట్టునుంచి వరహాలు ఎప్పుడొచ్చాడో, చెక్క మీద ఎదురుగా నిలబడి ఉన్నాడు. చెయ్యి పట్టుకోలేదు, దగ్గరికి రాలేదు. తనే ముందు చెక్క మీద చతికిలబడి, కాళ్లు నీళ్లవైపు వేలాడేశాడు.

"కూచోరా. కూచున్నోడు పడడు."

నిత్యానందం మెల్లగా కూర్చున్నాడు. దీపం పక్కన పెట్టి, రెండు చేతులతో చెక్క అంచు పట్టుకున్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఏమైందయ్యా?" అని కిటికీలోంచి అడిగారు హనుమంతరావుగారు.

"గొలుసు కాత్త పట్టేసిందండి. ఇద్దరం చూత్తన్నాం. అయిపోద్దండి!" అని అరిచాడు వరహాలు. గొలుసు నిక్షేపంలా ఉంది.

కిటికీ మూసుకుంది.  నిత్యానందం అటువైపోసారి చూసి గొంతు తగ్గించాడు.

"నాకు భయమేత్తంది మావా."

"తెలుసు."

"దేనికని అడగవా?"

"దేనికీ కాదు. అదే దాని ఎదవబుద్ది." వరహాలు నీళ్లలోకి ఉమ్మేశాడు. "చీకటుండగానే లేపుద్దా? కడుపులో తిప్పుద్దా? ఇంక చాలు, ఇందులో పడిపోతే గొడవొదిలిపోద్ది అంటదా?"

నిత్యానందం అతని మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కళ్ల కింద చర్మం సంచుల్లా వేలాడుతోంది. గడ్డం మాసి ఉంది. పెదవి మీద ఏనాటిదో గాటు.

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలేంటి? నీ వయసు రాకముందే నాకు పట్టుకుంది. కొల్లేట్లో దోనె మీద ఒక్కణ్ణే ఎల్లేవోణ్ణి. పొద్దున్నే నీళ్లు పిలిచేయి. అందుకే ఆ లంక ఒదిలేసి ఇటొచ్చా. తీరా చూత్తే ఇక్కడా నీళ్లే." చిన్నగా నవ్వాడు. "ఇవాళ కూడా వచ్చిందిరా. నిన్నా వచ్చింది."

"మరెలా బతుకుతున్నావు?"

వరహాలు తలతిప్పి చూశాడు. తూర్పున తాటిచెట్ల వెనక ఆకాశం తెల్లబడుతోంది.

"పొద్దున్న మనిషొకడు, సాయంత్రం మనిషొకడు. పొద్దున్న మనిషి అబద్ధాలకోరు. ఆడి మాట మీద ఏ పనీ చెయ్యను. సరేలేవోయ్, సాయంత్రం మనిషిని అడిగి చెబుతానంటాను. సాయంత్రానికి ఆకలేత్తది. ఈ సంగతే మర్చిపోతాను. అంతే. అంతకంటే ఏం లేదు. మందూ లేదు, మంత్రమూ లేదు."

తర్వాత మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. "నువ్వటు చూడకు. నా ఈపు చూసుకుంటా రా," అని ముందు నడిచాడు. నిత్యానందం దీపం పట్టుకుని ఆ వీపునే చూస్తూ ఆ గట్టు చేరాడు. రోడ్డు వంతెన మీదుగా చుట్టూ తిరిగి తన చక్రం దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ ఒక్కసారి తిప్పారు. తలుపులు కిర్రుమంటూ విచ్చుకున్నాయి. ధాన్యం పడవ సాగిపోయింది.

ఆ రోజు అన్ని రోజుల్లాగే నడిచింది. పెంటపాడు ధాన్యం, ఇటికలు, పెళ్లివారి పడవ ఒకటి. భయం ఒక్కసారిగా పోలేదు. ఎండకు మంచు ఆరినట్టు కొంచెం కొంచెంగా ఆరింది. మధ్యాహ్నం వరమ్మ తెచ్చిన అన్నం మారు అడిగి తిన్నాడు. ఆమె వింతగా చూసింది. పొద్దు వాలేసరికి, నిజంగానే, వరహాలు చెప్పినట్టే ఆకలి వేసింది. ఆ సంగతి అతనికి అరిచి చెప్పాలనిపించింది.

"మావోయ్! సాయంత్రం మనిషిని అడిగాను! అన్నం పెట్టమంటన్నాడు!"

ఆ గట్టున వరహాలు చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం రొమ్ముకు ఆనింది. కునుకు తీస్తున్నాడనుకున్నాడు నిత్యానందం. ఇంతలో దిగువనుంచి ఖాళీ పడవ ఒకటి వచ్చి నిలబడి కేకేసింది. వరహాలు లేవలేదు.

నిత్యానందం పరుగెత్తాడు. ఆ గట్టు చేరి అతని భుజం పట్టుకున్నాక గానీ, తను చెక్క మీదుగా పరుగెత్తి వచ్చానన్న స్పృహ కలగలేదు. వరహాలు ఒంట్లో ఇంకా వెచ్చదనం ఉంది. చేతివేళ్లు మాత్రం చల్లబడ్డాయి. మొహంలో బాధ జాడ లేదు. రోజంతా పనిచేసి అలసిన మనిషి మొహం, అంతే.

లంకలో వరహాలుకు తమ్ముడున్నాడు. హనుమంతరావుగారు ఎగువనుంచి వస్తున్న పడవ ఒకదాన్ని ఆపి, సరంగుతో మాట్లాడి, శవాన్ని అందులో పంపే ఏర్పాటు చేశారు. దీపాల వేళకు ముందే చాప మీద పడుకోబెట్టి పడవ ఎక్కించారు. నిత్యానందం ముందు తన చక్రం తిప్పాడు. తర్వాత వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లి వరహాలు చక్రం తిప్పాడు. రెండో తలుపు కదలడానికి చాలాసేపు పట్టింది. సూపర్నెంటుగారు గట్టు మీద చేతులు జోడించి నిలబడ్డారు. పడవ మలుపు తిరిగేదాకా ఆ చేతులు దించలేదు.

తెల్లవారుజామున భయం మామూలుగానే వచ్చింది. మామూలు కంటే ఎక్కువగా వచ్చింది. ఊపిరి అందలేదు. వరమ్మ చెయ్యి పట్టుకుని, "నాకు పొద్దున్న పూట చచ్చేంత భయమేత్తందే," అని మొదటిసారి పైకి అన్నాడు. ఆమె ఏడవలేదు. దీపం వెలిగించి పక్కన కూర్చుంది.

కొత్త లస్కరు వచ్చేదాకా ఆ గట్టూ అతనే చూడాలి. మసక వెలుతురులో చెక్క మీద కూర్చుని, కొంచెం కొంచెంగా జరుగుతూ అవతలికి చేరాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

వరహాలు పాకలోంచి చప్పుడు వినిపించింది. లోపల ఎవరో కదిలినట్టయింది. నిత్యానందం ఒళ్లు జలదరించింది. పారిపోదామనుకున్నాడు. కాళ్లు రాలేదు. మళ్లీ చప్పుడు. తడిక తోసి లోపలికి తొంగిచూశాడు.

ఎవరూ లేరు. మూల ఒక కుండ ఉంది. దాని మీద సత్తుపళ్లెం బోర్లించి, పళ్లెం కదలకుండా రాయి పెట్టి ఉంది. రాయి తీసి పళ్లెం ఎత్తాడు. కొల్లేటి పడవవాళ్లెవరో ఇచ్చి ఉంటారు, నీళ్లలో నల్లటి కొర్రమీను ఒకటి మెలిక తిరిగి తోకతో కుండను తట్టింది. పక్కనే, వరహాలు ఇవాళ్టి పులుసుకని తీసిపెట్టుకున్న చింతపండు, అరటాకు ముక్కలో పొట్లం కట్టి ఉంది.