వెయ్యి దగ్గర ఆగిన జాబితా

కంటి ఆసుపత్రి మూడో అంతస్తులో ప్రోగ్రామర్ పొద్దున్నే లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. శిబిరాల్లో తీసిన కంటి ఫొటోలన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి. తెర మీద కోడ్ రాసే నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాసి, ఈ నెల ఫైళ్ల పేర్లు జాబితాగా తీసివ్వాలి. ఆ జాబితా ప్రకారమే డాక్టరమ్మ ఫొటోలు చూసి, చూపు పోయే ప్రమాదమున్నవాళ్లను పిలిపిస్తుంది.

రన్ చేస్తే అనుమతి లేదంది. అనుమతి తెచ్చుకుంటే ఫోల్డర్ ఖాళీ అంది. ఫోల్డర్ పేరు ముందు తను అనవసరంగా పెట్టిన ఒక్క ఏటవాలు గీత (/) కోసం గంటసేపు జుట్టు పీక్కున్నాడు. చివరికి జాబితా వచ్చింది. సరిగ్గా వెయ్యి పేర్లు. రిజిస్టరు లెక్క ప్రకారం రావాల్సినవి రెండువేల ఆరువందల నలభై.

ఒళ్లు మండిపోయి, ఫొటోలు తీసే అక్కకు ఫోన్ చేశాడు.

“మిగతావి ఎక్కించకుండానే ఎక్కించానని రాసేశారా అక్కా?”

“ఏం మాటలయ్యా అవి? అన్నీ ఎక్కాకే ఇంటికెళ్తున్నా.”

“మరి క్లౌడ్ అబద్ధమాడుతోందా?”

“అయితే నేనాడుతున్నానా?”

ఫోన్ ఠక్కున పెట్టేసి, రిజిస్టరు చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చేసింది. ఒక వరస మీద వేలు పెట్టింది.

“ఈ పెద్దాయన కన్ను తెరవడానికి ముప్పావుగంట పట్టింది. ఈ నంబరు కొట్టి చూడు.”

ఆవిడ పోరు వదిలించుకుందామని విసుక్కుంటూనే కొట్టాడు. ఫొటో తెరుచుకుంది. జాబితాలో వెతికితే ఆ పేరు లేదు.

అప్పుడు గానీ క్లౌడ్‌ను ఎలా వాడాలో చెప్పే పేజీ పూర్తిగా చదవలేదు. ఒకసారి అడిగితే వెయ్యి పేర్లే ఇస్తుందట. ఇంకా ఉంటే చివర ఒక గుర్తు పెడుతుందట. అది చూపించి మళ్లీ అడగాలట.

“ఆ మాటేదో ముందే చెప్పి ఏడవొచ్చుగా!” అని తెర మీద అరిచాడు.

“చెప్పే ఉంటుంది. నాలాగే,” అంది అక్క.

మూడుసార్లు అడిగేలా మార్చగానే రెండువేల ఆరువందల నలభై వచ్చాయి. ఊపిరి పీల్చుకోబోతూ పోయిన నెల జాబితా తెరిచాడు. అదీ వెయ్యే. పోయిన నెల డాక్టరమ్మ చూసిందీ ఆ వెయ్యే.

తిన్నగా డాక్టరమ్మ గదికి వెళ్లాడు.

“తప్పు నాదేనమ్మా. అక్క అన్నీ ఎక్కించింది. పోయిన నెల మీకు వెయ్యి పేర్లే ఇచ్చాను, మిగతావి ఇవ్వలేదు.”

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “అంటే వాళ్లంతా నా పిలుపు కోసం ఇంకా చూస్తున్నారా?” అని మాత్రం అంది. మధ్యాహ్నం రోగులను వేరే డాక్టరుకు అప్పగించి, పోయిన నెల మిగిలిన ఫొటోలన్నీ చూసింది. వెంటనే రావాల్సినవాళ్లు పదకొండు మంది తేలారు.

ఫోన్లు తనే చేస్తానన్నాడు. పదో నంబరులో ఒక ముసలావిడ పలికింది. “నెల నుంచీ ఎడమకన్ను మసకే బాబూ. మీరు ఫోన్ చెయ్యలేదుగా, ఏమీ లేదనుకున్నా.”

పక్కనే రిజిస్టరుతో కూర్చున్న అక్క వైపు ఫోన్ చాపాడు. అక్క ఫోన్ అందుకుంది. “రేపు పొద్దున్నే వచ్చెయ్యండమ్మా. గేటు దగ్గర నేనుంటా.”

“అక్కా, పొద్దున నేనన్న మాటలకి...”

“అవి తర్వాత. ఇంకొకరున్నారు, కలుపు.”